నా మాట తప్ప అందరి మాటా వినే ఒంటి గడియారం గారికి

నా ఒంట్లో కూర్చుని నిద్రా మెలకువల వేళలు నడిపే మహారాజశ్రీ గడియారం గారికి నమస్కరించి రాయునది ఏమనగా,

ఇక్కడ నేను క్షేమంగా లేను. అక్కడ మీరు దివ్యంగా ఉన్నారని ఈ మధ్యాహ్నమే అర్థమైంది.

నైట్ షిఫ్ట్ ముగించుకుని, కర్టెన్లు లాగి, ఫోను సైలెంట్‌లో పెట్టి పొద్దున ఎనిమిదింటికి పడుకున్న మనిషిని పదకొండు కల్లా లేపి కూర్చోబెట్టారు. కొరియర్ అబ్బాయి బెల్లు కొట్టలేదు. పై ఫ్లాటులో డ్రిల్లింగ్ లేదు. మా అపార్ట్‌మెంటు ఇంత నిశ్శబ్దంగా ఉండటం నేనెన్నడూ ఎరగను. లేపింది అచ్చంగా మీరే. సాయంత్రం దాకా ఫ్యాను రెక్కలు చూస్తూ పడుకున్నాను. అదే మీరు, తెల్లవారుజామున నాలుగింటికి క్లయింటు కాల్ మధ్యలో, కెమెరా ఆన్‌లో ఉండగా, నా తలని కీబోర్డు మీదికి వంచారు. సియాటెల్‌లో ఒకావిడ "ఆర్ యూ ఓకే?" అని అడిగింది. ఏం చెప్పమంటారు?

నిద్ర పట్టని మనిషికి ఇంకేం పని? కూర్చుని తమరి గురించి చదివాను. మెదడులో, రెండు కళ్ల నుంచి వచ్చే నరాలు కలిసి దాటుకునే చోటికి సరిగ్గా పైన తమరి హెడ్డాఫీసు. పేరు సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్. అడ్రసు రాయడానికే కవరు చాలదు. అందులో దాదాపు 20,000 నాడీకణాల స్టాఫు. లివర్లో, గుండెలో, చర్మంలో, ఇంచుమించు ప్రతి కణంలోనూ బ్రాంచీలు.

పని తీరు కూడా చదివాను. క్లాక్, బీమాల్-1 అనే రెండు ప్రోటీన్లు జోడీ కట్టి, డీఎన్ఏ మీద కూర్చుని పీరియడ్, క్రిప్టోక్రోమ్ అనే జీన్లను ఆన్ చేస్తాయి. వాటి నుంచి పెర్, క్రై ప్రోటీన్లు తయారవుతాయి. గంటల తరబడి పోగై, గుంపుగా కేంద్రకంలోకి వచ్చి, తమను పుట్టించిన జోడీ నోరే నొక్కేస్తాయి. దాంతో కొత్త సరుకు ఆగిపోతుంది. ఉన్న సరుకుకి కేసీన్ కైనేజ్ లాంటి ఎంజైములు ముద్రలు కొడుతుంటే, అది మెల్లగా ముక్కలైపోతుంది. నోరు నొక్కేవాళ్లు లేరు కనక జోడీ మళ్లీ పని మొదలు పెడుతుంది. ఈ చుట్టు ఒక్కసారి తిరిగితే మీకు ఒక రోజు. కన్నవాళ్ల నోరు మూయించే పిల్లలు మా ఇంట్లోనూ ఉన్నారు గానీ, ఇంత టైము ప్రకారం చేయరు.

అంత టైమేం కాదులెండి. పగలో రాత్రో తెలియకుండా మసక వెలుతురులో మనుషుల్ని ఉంచి హార్వర్డ్ వాళ్లు 1999లో లెక్క తీస్తే, మీ ఒక్క రోజు సగటున 24 గంటల 11 నిమిషాలని తేలింది. ఆ తేడాని రోజూ సూర్యుడొచ్చి సర్దాలి. పోనీ, సూర్యుడు పెద్దాయన. ఆయన మాట వింటే తప్పు పట్టను.

మిగతావాళ్ల సంగతి తేల్చండి ముందు.

గచ్చిబౌలి నుంచి మియాపూర్ దాకా క్యాబ్‌లో కుడివైపు కిటికీలోంచి ఎండ పడుతుంది. కంటి లోపలి వెనక పొరలో కొన్ని కణాల్లో మెలనాప్సిన్ అనే పదార్థం ఉందట. ఆ కణాలకి బొమ్మలు చూపించే బాధ్యత పెద్దగా లేదు, వెలుతురు వచ్చిందని హెడ్డాఫీసుకి మోసుకెళ్లడమే ముఖ్యమైన పని. అలాంటి చాడీల మాట వింటారు. అర్ధరాత్రి రెండింటికి క్యాంటీన్లో బిర్యానీ తింటే దాని మాట వినేవాళ్లూ మీలో ఉన్నారు. పగలు పడుకునే ఎలుకలకి పగలే మేత పెడితే వాటి లివర్లోని గడియారం మేత వేళకి తిరిగిపోయిందని, హెడ్డాఫీసు మాత్రం కదల్లేదని 2000లోనే చూపించారు. అంటే నా లివరు బిర్యానీని నమ్ముకుని ఒక టైములో, నా మెదడు ఎండని నమ్ముకుని ఇంకో టైములో బతుకుతున్నాయి. మధ్యలో ఎసిడిటీ నాకు.

జీన్లో పడ్డ అచ్చుతప్పు మాట కూడా వింటారు. అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఒక కుటుంబం ఉంది. వాళ్ల పెర్-2 ప్రోటీన్లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారింది. అంతే, సాయంత్రం ఏడున్నరకి నిద్ర, తెల్లారి నాలుగున్నరకి మెలకువ. 2001లో ఆ సంగతి బయటపడింది. ఒక్క అమైనో ఆమ్లం!

ఇదంతా సహించాను. గుర్రం దగ్గర మాత్రం నా ఓపిక తెగింది.

1998లో జెనీవాలో షిబ్లర్ అనే శాస్త్రవేత్త బృందం, ఏళ్ల తరబడి గాజు పళ్లేల్లో పెరుగుతూ వచ్చిన ఎలుక కణాల మీద గుర్రపు సీరం, అంటే గుర్రం రక్తంలోంచి తీసిన ద్రవం, పోసింది. వాటికి పగలు తెలీదు, రాత్రి తెలీదు, మెదడు లేదు, కళ్లు లేవు. సీరం తగలగానే వాటిలోని గడియారాలన్నీ ఒక్కసారిగా కలిసి కొట్టుకోవడం మొదలు పెట్టాయి. గుర్రం సీరం! ముక్కూమొహం తెలియని గుర్రం చెబితే వింటారా? పుట్టినప్పటి నుంచి మిమ్మల్ని మోస్తున్న మనిషి, ముసుగు తన్ని, కళ్లు గట్టిగా మూసుకుని, "నాయనా, ఇది రాత్రనుకో, ఒక్క నాలుగు గంటలు" అని బతిమాలితే వినరా? గుర్రానికున్న పాటి పరపతి నాకు లేదా నా ఒంట్లో?

నువ్వు వినవు. నువ్వు ఎవరి ఒంట్లో ఉంటే వాళ్ల మీద పెత్తనం నీదే. 20 గంటలకే రోజు ముగించే వింత హ్యామ్‌స్టర్లు, ఎలుకల్లాంటి జీవాలు, కొన్ని ఉంటే, వాటి మెదడులోంచి నీ హెడ్డాఫీసు ముక్క తీసి, తమ హెడ్డాఫీసు పోగొట్టుకున్న మామూలు హ్యామ్‌స్టర్లలో పెట్టారు 1990లో. ఆ ఒళ్లు ఆరోగ్యంగానే ఉంది, దానికీ ఒక అలవాటుంది. అయినా చెల్లింది నీ 20 గంటలే. ఇల్లు వాళ్లది, టైము నీది. అద్దె కూడా కట్టవు!

రాత్రి షిఫ్టును క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవాటి జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తాలూకు పరిశోధన విభాగం 2007లోనే చేర్చింది. మా ఆఫీసు మాత్రం వెల్‌నెస్ మెయిల్ పంపింది, లావెండర్ నూనె రాసుకోమని. షిఫ్ట్ మారుస్తామన్నారు సంక్రాంతికి, తర్వాత ఉగాదికి, ఇప్పుడు దసరా తర్వాతట. ప్రతిసారీ నేను సరేనన్నాను. 'ఏ షిఫ్టుకైనా సిద్ధం' అన్న కాగితం మీద సంతకం నాదే. నువ్వు పెట్టలేదు. ఇన్నాళ్లు కాఫీ పోశాను, నల్ల కళ్లద్దాలు పెట్టాను, నిద్ర కోసం మెలటోనిన్ బిళ్లలు మింగాను. నువ్వు అంగుళం కదల్లేదు. ఆలోచిస్తే ఈ ఒంట్లో పౌరుషం ఉన్నది నీకొక్కడికే.

అయినా సరే, రేపు పొద్దున పదకొండింటికి లేపావంటే మాత్రం ఊరుకోను.

ఇట్లు,
మిమ్మల్ని మోస్తున్న మనిషి,
మియాపూర్.

తా.క.: నవంబరులో అమెరికా వాళ్లు గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. తొమ్మిదిన్నరకి మొదలయ్యే మా షిఫ్టు పదిన్నరకి మారుతుందని మెయిల్ వచ్చింది. సీసీలో చూశాను, మీ పేరు లేదు.