మన చందా వచ్చాక ఆగిపోయిన వేలంపాట

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ల సంస్థ మొన్న డిసెంబరులో మన ఊళ్లలో చేసిన సేవా కార్యక్రమాల ఫొటోలు మన గ్రూపులో అందరూ చూసే ఉంటారు. గుంటూరు ఆల్బమ్‌లో కంటి శిబిరం, సైకిళ్ల పంపిణీ అయ్యాక ఒక చిన్న చర్చి వస్తుంది. కొత్త గ్రానైట్ నేల, కొత్త మైకు సెట్టు, గోడలో బిగించిన శిలాఫలకం, దాని ముందు శాలువాలు కప్పుకున్న మనవాళ్లు. ఫలకం మీది పేర్లలో మా నాన్నగారిదీ ఒకటి. నేను బాప్తిస్మం పొందింది ఆ చర్చి సంఘంలోనే. సండే స్కూల్లో కంఠత వాక్యాలు అప్పజెప్పిందీ, క్రిస్మస్ నాటకంలో ఏటేటా గొర్రెల కాపరి వేషం కట్టిందీ అక్కడే. (జ్ఞానుల వేషాలు సంఘ పెద్దల పిల్లలకే దక్కేవి. ఆ సంగతి ఇంకోసారి.)

ఫొటోల్లో రానిది చెప్తాను. రిబ్బన్ కత్తిరించారు, దండలు వేశారు, వరసగా అందరూ మాట్లాడారు. చివరికి అయ్యగారు, అంటే ఆ సంఘం పాస్టరు గారు, మైకు అందుకుని "ఇక ఆరాధన ప్రారంభించుకుందాం" అనేసరికి బయట మన బస్సు హారన్ మోగింది. తర్వాతి కార్యక్రమం తెనాలిలో. మనవాళ్లు వందనాలు చెప్పుకుంటూ లేచారు. వాళ్లని సాగనంపడానికి పేట పెద్దలు లేచారు, వాళ్ల వెనక మొదటి రెండు వరసలూ లేచాయి. మొదటి కీర్తన రెండో చరణానికి వచ్చేసరికి లోపల ఇరవై మంది కూడా లేరు. అందులో సగం మందిని నా చిన్నప్పటి నుంచీ అదే కిటికీ పక్కన చూస్తున్నాను. పక్కనున్న పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, "మీరు వచ్చినప్పుడే అబ్బాయ్, కుర్చీలు చాలనిది" అంది. ఎత్తిపొడుపేమీ లేదు, ఉన్నమాటే చెప్పింది. అందుకే ఇంకా గుచ్చుకుంటోంది.

ఈ కాలం పిల్లలు రావడం లేదు, అంతా ఫోన్ల వల్లే, అని రాసేసి ఊరుకోవచ్చు. కానీ ఆ రోజు భోజనాల దగ్గర విన్న ఒక మాట వల్ల ఆ దారి మూసుకుపోయింది. ఆ మాట చెప్పే ముందు కోతపండుగ గురించి చెప్పాలి.

మా చిన్నప్పుడు ఆ సంఘానికి కాస్త చెప్పుకోదగ్గ రాబడి అంటే కోతపండుగే. సంక్రాంతి వెళ్లి, నూర్పిళ్లు అయ్యాక వచ్చే ఒక ఆదివారం. మిర్చి యార్డులో పనిచేసేవాళ్లు, ఆసుపత్రి నర్సులు, బడిపంతుళ్లు, చుట్టుపక్కల ఊళ్లలో అరెకరం పొలం ఉన్నవాళ్లు, ఎవరికి చేతనైంది వాళ్లు తెచ్చేవాళ్లు. బలిపీఠం ముందు అరటిగెలలు, కందులు, ఎండుమిరపకాయలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. ప్రసంగం మధ్యలో కోడి కూస్తే అయ్యగారు కూడా నవ్వాపుకోలేకపోయేవారు. ఆరాధన అవగానే వేలం. పాట పెట్టేది ఒక కంపౌండరు గారు. "ఒకటోసారి... రెండోసారి..." అని, మూడోసారి అనబోయే ముందు ఆగి, తీరిగ్గా కళ్లజోడు తుడుచుకునేవారు. ఈలోగా ఎవరో ఒకరికి రోషం వచ్చేది.

గుమ్మడికాయ కథ వేరు. పాడుకున్నాయన దాన్ని ఇంటికి తీసుకెళ్లడు, "సంఘానికే" అని తిరిగి ఇచ్చేస్తాడు. మళ్లీ వేలం. రెండో ఆయన మాత్రం తక్కువ తింటాడా? ఆయనా ఇచ్చేస్తాడు. అలా తిరిగి తిరిగి, చివరికి గుంటూరు జిల్లాలోనే ఖరీదైన గుమ్మడికాయగా తేలి, సాయంత్రానికి అయ్యగారింట్లో, అమ్మగారి వంటింట్లో పులుసయ్యేది. ఒక ఏడు మా నాన్న ఎదురింటాయన మీద పంతంతో గోంగూర పచ్చడి జాడీ ఒకటి పాడి పాడి గెలిచారు. గెలిచి ఇంటికి తెచ్చాక తెలిసింది, అది మా అమ్మ పెట్టి పంపిన జాడీయే అని. "ఏడాది పొడుగునా తింటున్నది చాలక కొనుక్కుని కూడా తెచ్చారా" అని అమ్మ, "పోయింది దేవుడికేగా" అని నాన్న. ఆ పంచాయతీ ఈస్టరు దాకా సాగింది.

సరదా అలా ఉంచండి. ఆ ఒక్కరోజు ఎంతమందికి పని ఉండేదో చూడండి. మోసేది కుర్రాళ్లు. లెక్క రాసేది ఇంటర్ చదివే ఆడపిల్ల. వండేది స్త్రీల సమాజం. పాడి డబ్బు కట్టనివాళ్ల బాకీ జాబితా వచ్చే ఆదివారం చదివేవాళ్లు కాబట్టి, బాకీ ఉన్నవాడు ఆ ఆదివారం తప్పకుండా వచ్చేవాడు. భక్తితో వచ్చాడా, పరువు కోసం వచ్చాడా అని ఎవరూ అడగలేదు. వచ్చాడు, కూర్చున్నాడు, వాక్యం విన్నాడు.

మొన్న భోజనాల దగ్గర కోశాధికారిగారిని అడిగాను, "ఈసారి కోతపండుగ ఎప్పుడు బాబాయ్?" అని. ఆయన సాంబారు వడ్డించుకుంటూ, "ఇంకెక్కడి కోతపండుగ? మీ డబ్బులొస్తున్నాయిగా. ఆ గోలంతా ఎవరు పడతారు?" అన్నారు.

ఆ తర్వాత చుట్టూ చూస్తే లెక్క అర్థమైంది. ఇదివరకు శనివారం సాయంత్రం వంతులవారీగా ఒక్కో కుటుంబం వచ్చి ఊడ్చి చాపలు పరిచేది. ఇప్పుడు మన మెయింటెనెన్స్ పద్దులోంచి జీతం తీసుకునే మనిషి ఊడుస్తాడు. ఇదివరకు ఒక దర్జీ డోలక్ వాయించేవాడు, ఆయన పక్కన కూర్చుని ఇద్దరు ముగ్గురు పిల్లలు నేర్చుకునేవాళ్లు. మనం కీబోర్డు కొనిచ్చాం. వాయించే కుర్రాడు ఊరి బయటి పెద్ద ప్రార్థన మందిరంలో కుదిరిపోయాడు. కీబోర్డు గుడ్డ కప్పుకుని మూలన ఉంది. దర్జీ పోయాడు, డోలక్ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. మనం పంపిన ప్రతి సాయమూ ఒకరి చేతిలో పనిని లాగేసుకుంది. చేతిలో పని లేని మనిషి ఎంతకాలమని వస్తాడు?

గుంటూరు వాళ్లకి ఈ కథ కొత్త కాదు, అదే నాకు వింతగా ఉంటుంది. 1842లో అమెరికా నుంచి లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చారు. ఆయన వెనక మిషన్ వచ్చింది, బళ్లు వచ్చాయి, 1885లో ఏసీ (ఆంధ్ర క్రిస్టియన్) కాలేజీ వచ్చింది. 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898 నాటికి ఆడవాళ్ల కోసం ఆసుపత్రి నిలబెట్టారు. మా ఇంట్లో రెండు తరాల పిల్లలు పుట్టింది ఆ ఆసుపత్రిలోనే. ఆ డబ్బంతా సముద్రం అవతలి నుంచి వచ్చిందే. కాబట్టి బయటి డబ్బు పనికిరాదని నేనంటే కళ్లు పోతాయి. 1927లో ఏఈఎల్‌సీ (ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి) ఏర్పడింది, ఆ తర్వాత మెల్లమెల్లగా పెత్తనం దొరల చేతుల్లోంచి మనవాళ్ల చేతుల్లోకి వచ్చింది. మా నాయనమ్మ రోజూ ఎసట్లో బియ్యం పోసే ముందు గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేసేది, ఆదివారం సంఘానికి ఇవ్వడానికి. ఇంట్లో మాకే చాలని రోజుల్లో కూడా. దొర డబ్బు తగ్గిన చోట ఆ గుప్పెళ్లు నిలబెట్టాయి. ఇప్పుడు అదే అమెరికా నుంచి మనం వచ్చాం. ఈసారి దొరలం మనమే.

న్యాయంగా ఇంకో వైపు కూడా చెప్పాలి. పేటలో యువత వెళ్లిపోవడానికి మన చందా ఒక్కటే కారణం కాదు. మా మేనకోడలు ఊరి బయట పెద్ద మందిరానికి వెళ్తుంది. ఎందుకే అంటే, "అక్కడ నన్నెవరూ పెళ్లెప్పుడని అడగరు మావయ్యా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. పాటలు బాగుంటాయి, పార్కింగ్ ఉంటుంది, టైముకి మొదలై టైముకి అయిపోతుంది. చిన్న సంఘంలో కమిటీ ఎన్నికలంటే టెన్షన్, ఎవరు ఎవరి వర్గమో చూసుకుని కూర్చోవడం, కోర్టు దాకా వెళ్లిన గొడవలు. ఆడపిల్లలు పదేళ్లుగా సండే స్కూలు నడుపుతున్నా సంఘ పెద్దల బల్ల దగ్గర వాళ్లకి కుర్చీ ఉండదు. ఇవన్నీ నిజాలే. వీటిని మూసిపెట్టి "రండి రండి" అంటే ఎవరూ రారు.

అయితే జనం ఉన్నచోటల్లా సంఘం ఉన్నట్టు కాదు. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో, మేరీమాత తిరునాళ్లప్పుడు, విజయవాడ గుణదల కొండ కింద నిలబడితే ఇసుక వేస్తే రాలదు. తలనీలాలిచ్చేవాళ్లు, కొబ్బరికాయలు కొట్టేవాళ్లు, అన్ని మతాలవాళ్లూ వస్తారు. నాకూ ఆ తిరునాళ్లంటే ఇష్టమే. కానీ పన్నెండో తేదీన మీరు జ్వరంతో పడుకుంటే కొండ మీద మిమ్మల్ని వెతికేవాళ్లుండరు.

వెతకడం అంటే ఏమిటో 2024 సెప్టెంబరులో చూశాం. బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు మా పిన్ని అక్కడే ఉంది. మోకాళ్ల నొప్పులతో మంచం దిగలేని మనిషి. ఫోను చార్జింగ్ అయిపోయింది. ఇక్కడ మేం రాత్రంతా కంట్రోల్ రూమ్ నంబర్లు తిప్పుతూ కూర్చున్నాం. ఆవిడ ఉన్న చోటు పడవ వాళ్లకి చెప్పింది ఆ వీధి చివర రేకుల షెడ్డులో సంఘం నడిపే పాస్టరు గారు. ఆయన ఇల్లూ నీళ్లలోనే ఉంది. అయినా ఏ మేడ మీద ఎవరికి ఇన్సులిన్ కావాలో, ఎవరింట్లో బాలింత ఉందో ఆయనకి తెలుసు, ఎందుకంటే ప్రతి శుక్రవారం ఆ ఇళ్లలో కూర్చుని ప్రార్థన చేస్తాడు. మా పిన్ని ఆ సంఘంలో సభ్యురాలు కూడా కాదు. కాళ్లు బాగున్న రోజుల్లో క్రిస్మస్‌కి వెళ్లి కేకు తిని వచ్చేది, అంతే. మా మేనకోడలికి చిరాకు తెప్పించే ఆ ఆరాలే ఆ రోజు మా పిన్నిని బతికించాయి. ఆరాలు తగ్గించుకోవాలి, నిజమే. అసలు లేకుండా పోతే మాత్రం కష్టం.

ఇంకో విషయం మన కార్యవర్గం దృష్టికి. సాయం పంపే ముందు మనం లబ్ధిదారుల జాబితా, ఫొటోలు, సంతకాలు అడుగుతున్నాం. అది మన ఆడిట్ కోసం అని నాకూ తెలుసు. కానీ పేటలో దాని అర్థం వేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ మతం తీసుకున్న దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. మన రాష్ట్రంలో వెనకబడిన తరగతుల్లోని సీ గ్రూపు (బీసీ-సీ) కిందికి వస్తాడు, అక్కడ రిజర్వేషన్ ఒక శాతం. పిల్లాడి సీటు, ఉద్యోగం ఒక సర్టిఫికెట్ మీద ఆధారపడి ఉన్న తల్లి, చర్చి పేరుతో ఉన్న కాగితం మీద సంతకం పెట్టమంటే ఏం చేస్తుంది? ఆ ఆదివారం మానేస్తుంది. ఆవిడ విశ్వాసం ఎంతో కొలిచే హక్కు డాలర్లలో జీతం తీసుకునే మనకి లేదు. రిజిస్టరులో పేరు లేకపోయినా వెనక చాప మీద కూర్చునే చోటు ఆవిడకి ఎప్పుడూ ఉండేది. మన ఫారాలతో ఆ చోటుని చెడగొట్టకండి.

కాబట్టి నేను అడిగేది ఇది. అయ్యగారి జీతానికి, కారే కప్పుకి మన డబ్బు షరతులు లేకుండా వెళ్లనివ్వండి. ఆ జీతంతో గుంటూరులో ఇంటి అద్దె కట్టి పిల్లల్ని చదివించడం ఎంత కష్టమో మనకి తెలుసు. మిగతా చందా మాత్రం కోతపండుగకి ముడిపెడదాం. వేలంలో సంఘం ఎంత పోగు చేస్తే అంతకి అంత మనం కలుపుదాం. వాళ్లు అయిదు వేలు చేస్తే మనదీ అయిదు వేలే. కమిటీలో సగం కుర్చీలు ఆడవాళ్లకి, ముప్పై లోపు వాళ్లకి ఇమ్మని మర్యాదగా అడుగుదాం. ఆ కీబోర్డు గుడ్డ తీసి, పేటలోనే ఒక పిల్లకి నేర్పించడానికి మాస్టారి ఫీజు కడదాం. శిలాఫలకాలు ఇక చాలు, మా నాన్నగారిదే చివరిది కానివ్వండి.

జనవరిలో ఇండియా వెళ్లేవాళ్లు కనీసం ఒక ఆదివారం బస్సు ఎక్కకుండా ఆశీర్వాదం దాకా కూర్చోండి. బైబిల్ పాఠం చదవమంటే "వద్దులెండి" అనకండి, చదవండి. సాయంత్రం అయ్యగారితో కలిసి నాలుగిళ్లు తిరగండి. గుంటూరులో ఉన్న మీ బావలకి, వదినలకి, చెల్లెళ్లకి ఫోన్ చేసినప్పుడు డబ్బు ముట్టిందా అని కాదు, మొన్న ఆదివారం వెళ్లారా అని అడగండి. కాస్త తిట్టినా ఫరవాలేదు. హిందూ మిత్రులకి కూడా చెబుతున్నాను, మీ ఊరి రామాలయం కమిటీలోనూ ఇదే జరుగుతోందని మీరే నాతో అన్నారు కదా.

ఇక్కడి సంగతీ చూసుకోవాలి. అద్దె హాల్లో మధ్యాహ్నం పెట్టుకునే మన తెలుగు ఆరాధనలో కుర్చీలు వేసేది, బిర్యానీ మోసేది, పిల్లల క్లాసు చెప్పేది ఎప్పుడూ ఆ నాలుగు కుటుంబాలే. మిగతావాళ్లం భోజనాల టైముకి చేరతాం.

మార్చిలో మన బడ్జెట్ మీటింగ్ ఉంది. గుంటూరు పద్దు ఎప్పుడూ ఆఖర్న, అందరూ అలిసిపోయాక వస్తుంది. ఈసారి దాన్ని మొదట పెట్టమని కార్యదర్శిగారికి రాశాను. దయచేసి ఆ పావుగంటా జూమ్‌లో కెమెరా ఆపేసి వంట చేసుకోకండి. ఒప్పుకోకపోయినా సరే, మాట్లాడండి.