పళ్ళు చూసి కొన్న ట్రాక్టరు

అమెరికాలో పాత ట్రాక్టరు కొనడానికి పొలం ఉండక్కర్లేదు, నోరు మెదపని భార్య ఉంటే చాలు. మా అక్క నోరు బాగానే మెదుపుతుంది. అయినా బావ కొన్నాడు.

బావది నరసరావుపేట దగ్గర పల్లె. వాళ్ళ నాన్న, అంటే మా మామయ్య, ఒంగోలు గిత్తల్ని మేపి తిరునాళ్ళలో బండలాగుడు పోటీలకు తోలిన మనిషి. బావేమో కంప్యూటర్లు చదివి, అయోవా రాష్ట్రంలో ఎటు చూసినా మొక్కజొన్న తప్ప ఏమీ కనపడని చోట, ఒక ఇన్సూరెన్స్ కంపెనీ సర్వర్లకి కాపలా కాస్తున్నాడు. ఓ ఎండాకాలం పిల్లలకి మేకపిల్లల్ని చూపిద్దామని కౌంటీ ఫెయిర్‌కి వెళ్ళి, పక్క మైదానంలో పాత ట్రాక్టర్ల లాగుడు పోటీ చూశాడు. సాయంత్రం దాకా పిల్లలు మేకల దగ్గరే ఉండిపోయారు.

ఆ పోటీ సంగతి కాస్త చెప్పాలి. మన బండ నిజాయితీ గల బండ. మొదటి అడుగులో ఎంత బరువో చివరి అడుగులోనూ అంతే. వీళ్ళు ట్రాక్టరుకి కట్టి లాగించే స్లెడ్డు అలా కాదు. దానికి వెనక చక్రాలు, ముందు నేలకి రాసుకుపోయే ఇనప పలక. మొదట్లో చక్రాల మీద ఉన్న బరువుల పెట్టె, ట్రాక్టరు ముందుకి పోయేకొద్దీ పలక మీదికి జరుగుతూ వస్తుంది. దాంతో రాపిడి పెరిగి పెరిగి, ఎంత మొనగాడు ట్రాక్టరైనా ఏదో ఒక చోట నిలబడి మట్టి తవ్వుకోవాల్సిందే. 300 అడుగులు దాటించేస్తే 'ఫుల్ పుల్'. ఈ పెట్టె ఏర్పాటు రాకముందు దారి పొడుగునా మనుషులు నిలబడి, స్లెడ్డు తమ ముందుకి రాగానే ఒక్కొక్కరే ఎక్కేవాళ్ళు. మన షేర్ ఆటోలు ఇప్పటికీ ఆ పద్ధతిలోనే నడుస్తున్నాయి.

"ఒరే, ఇది మన ఆటేరా! వీళ్ళు ఎడ్లు తీసేసి ఇంజన్ పెట్టారంతే" అని బావ ఆ రాత్రే నాకు ఫోన్ చేశాడు.

వాళ్ళ పక్కింట్లో వ్యవసాయం మానేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన ఉన్నాడు. ఆయనకి ఎర్రటి ఫార్మాల్ ఎం ఉంది. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్ళు 1939 నుంచి 1952 దాకా తయారుచేసిన బండి. నాలుగు సిలిండర్లు, 248 ఘనపు అంగుళాల ఇంజను. అప్పట్లో లక్షల్లో అమ్ముడుపోవడంతో సామాను ఈనాటికీ దొరుకుతుంది. బావ సలహా అడిగితే ఆయన మెల్లిగా చెప్పాడు: ముందు ఏ బరువు తరగతిలో దిగుతావో తేల్చుకో. ఆ తరగతి కంటే తేలికైన బండి కొను. తక్కువైన బరువు నీకు కావలసిన చోట తగిలించుకోవచ్చు, ఎక్కువైతే కోసి పారెయ్యలేవు. తర్వాత టైర్లు చూడు, వెనక కొక్కెం ఎత్తు చూడు. రంగు ఆఖర్న చూడు.

బావ అన్నిటికీ తలూపి, ఆఖరిది మొదలు పెట్టాడు.

నన్నూ వెంటబెట్టుకెళ్ళి చూసింది ఆకుపచ్చ జాన్ డీర్ ట్రాక్టరు, మోడల్ బి, 1948 నాటిది. పోటీలో తీసుకున్న తరగతి 4,500 పౌండ్లు. బండి నాలుగు వేల చిల్లరే ఉంటుందని ఏదో పుస్తకంలో ఉంది. అక్కడిదాకా లెక్క సరిగ్గానే ఉంది. కానీ బావ దాన్ని ఇష్టపడింది లెక్క చూసి కాదు, గొంతు విని. ఆ బండికి రెండే సిలిండర్లు, అవీ అడ్డంగా పడుకుని ఉంటాయి. స్టార్ట్ చేస్తే 'పట్... పట్... పట్టపట్' అని ఒక తూగు. అమెరికా రైతులు ముద్దుగా 'జానీ పాపర్' అంటారు. బావ కళ్ళు మూసుకుని విన్నాడు. "అడుగు వేసే తీరు చూశావురా?" అన్నాడు. బండి నిలబడే ఉంది.

ఆపైన గిత్తని చూసినట్టు చూడటం మొదలెట్టాడు. చుట్టూ తిరిగాడు. బానెట్ మీద చెయ్యేసి నిమిరాడు. వెనక చక్రాల దగ్గర వంగాడు. వాల్వు చుట్టూ తెల్లటి ఉప్పు పొర, దాని చుట్టూ గుండ్రంగా తుప్పు. "సుడి భలే ఉంది" అన్నాడు. ఆ సుడి సంగతి తర్వాత తెలిసింది.

చివరికి అమ్మే ఆయన్ని అడిగాడు: "దీనికి పళ్ళెలా ఉన్నాయి?"

బండలాగుడులో అది అడగాల్సిన ప్రశ్నే. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని గిత్తల పోటీలు పళ్ళని బట్టే నడుస్తాయి. అమ్మే ఆయన మొహం మాత్రం పాలిపోయింది. "మీకెలా తెలిసింది?" అని, రెండో గేరులో రెండు పళ్ళు విరిగి ఉన్నాయని ఒప్పేసుకుని, బేరం లేకుండానే రేటు తగ్గించాడు. కారెక్కాక బావ నా భుజం తట్టాడు. "నెబ్రాస్కా యూనివర్సిటీ వాళ్ళు 1920 నుంచి ట్రాక్టర్లు పరీక్ష చేస్తున్నార్రా. ఒక్కడైనా పళ్ళు చూశాడా?"

పోటీ రోజు ముందు తూకం. డ్రైవర్ని కూర్చోబెట్టే తూస్తారు. కాటా 5,100 చూపించింది. బావ కాటా చెడిపోయిందన్నాడు. పెద్దాయన వచ్చి వాల్వు దగ్గరి సుడిని చూసి నిట్టూర్చాడు. పాతకాలం రైతులు పట్టు కోసం వెనక టైర్లలో కాల్షియం క్లోరైడు కలిపిన నీళ్ళు నింపేవాళ్ళు. చలికి గడ్డకట్టదు, కాకపోతే రిమ్ముని తినేస్తుంది. బావ కొన్నది ట్రాక్టరొక్కటే కాదు, రెండు ఉప్పు చెరువులు కూడా. అక్కడే వదిలేద్దామంటే గడ్డి మాడిపోతుందని నిర్వాహకులు ఒప్పుకోలేదు.

పనిముట్ల పెట్టె దించాం. గొలుసులు దించాం. సీటుకి వేలాడుతున్న అక్క పులిహోర డబ్బా దించెయ్యమంటే, బావ ఖాళీ చేసి దించాడు. తూకం పెద్దగా మారలేదు.

ఇక గతిలేక 5,500 తరగతిలోకి మారాడు. అక్కడ అందరూ బండి ముందు ఇనప బరువులు బోల్టులు వేసి బిగించుకుని ఉన్నారు. బావ దగ్గర బరువులేవీ లేవు. కారు డిక్కీలో 20 పౌండ్ల సోనా మసూరి బస్తాలు ఉన్నాయి. తాడుతో కట్టబోతే, బోల్టు పడనిది పనికిరాదని నిర్వాహకుడు మర్యాదగా చెప్పి, అది బాస్మతేనా అని అడిగాడు.

పచ్చజెండా ఊపారు. మొదటి 50 అడుగులు బండి పెళ్ళికూతురిలా నడిచింది. పెట్టె ముందుకి జరిగింది. ముక్కు మీద బరువు లేదేమో, బండి ముందు చక్రాలు మెల్లిగా నేల విడిచాయి. ఆ బండికి క్లచ్ కాలితో కాదు, చేత్తో. పిడిని వెనక్కి లాగితే ఆగుతుంది, ముందుకి నెడితే పోతుంది. ఎర్రజెండా ఊపుతున్నారు. మేమంతా లాగు లాగు అని అరుస్తున్నాం. బండలాగుడు ఇంట్లో పుట్టినవాడికి 'లాగు' అంటే ఏమర్థమవుతుంది? బావ సీట్లోంచి లేచి "హైయ్! హైయ్!" అని పిడిని ముందుకి ఇంకా నెట్టాడు.

టకటకమని లోపలేదో రాలింది. రెండో గేరులో మిగిలిన పళ్ళు ఒక్కసారే సెలవు తీసుకున్నాయి. ముందు చక్రాలు ధబీమని కిందపడ్డాయి. మైకులో బావ పేరు గుర్తుపట్టలేనట్టు పలికి, 112 అడుగులన్నారు. జనం మాత్రం చప్పట్లు కొట్టారు. మిగతావాళ్ళెవరూ లేచి నిలబడి తోలలేదు మరి.

ఆ రాత్రి అక్క తీసిన వీడియో మామయ్యకి పంపించాం. ఆయన చివరి దాకా చూసి ఫోన్ చేశాడు.

"బానే లాగావులేరా. ఆగిపోయాక నీ పచ్చదాన్ని తాడేసి మైదానం బయటికి లాక్కుపోయింది చూడు, ఆ ఎర్రది ఎవరిది?"

"పక్కింటాయనది నాన్నా. ఫార్మాల్ ఎం."

"అమ్ముతాడేమో అడుగు."