ఆ చప్పట్లు డర్క్‌కి, క్లబ్బుకి కాదు

2019 ఫిబ్రవరి 25న లాస్ ఏంజెలిస్‌లో, అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో భాగంగా క్లిప్పర్స్, డాలస్ మావరిక్స్ మ్యాచ్ జరుగుతోంది. ఇంకా తొమ్మిది సెకన్లే ఉన్నాయి, క్లిప్పర్స్ గెలుపు ఖాయమైపోయింది. అలాంటప్పుడు గెలుస్తున్న జట్టు కోచ్ ఆట ఆపి టైమౌట్ అడిగితే అవతలివాళ్లకు ఒళ్లు మండుతుంది. క్లిప్పర్స్ కోచ్ డాక్ రివర్స్ మాత్రం అడిగారు. నేరుగా మైకు దగ్గరికి వెళ్లి, అవతలి జట్టులో ఉన్న డర్క్ నోవిట్‌స్కీ పేరెత్తి, చరిత్రలోని గొప్ప ఆటగాళ్లలో ఇతనొకడని గట్టిగా చెప్పారు. స్టేడియమంతా లేచి నిలబడింది. తమాషా ఏంటంటే, తాను రిటైరవుతున్నానని డర్క్ అప్పటికి నోరు విప్పి చెప్పనే లేదు.

చెప్పాల్సిన పనీ లేదు, చూస్తే తెలిసిపోతోంది. వయసు నలభై. కాలి చీలమండకు ఆపరేషన్ జరగడంతో సీజన్‌లో మొదటి 26 మ్యాచ్‌లు ఆడలేదు. ఆడినవాటిలో సగటు ఏడు పాయింట్లు దాటి కొంచెం. కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకు పరిగెత్తడం చూస్తుంటే మనకే కాళ్లు నొప్పి పుట్టేవి. అయినా ఏ ఊరు వెళ్లినా అక్కడి అభిమానులు సొంత జట్టును పక్కనబెట్టి, ఇతని చేతికి బంతి రావాలని అరిచేవాళ్లు. ఆ పాత షాట్ ఒక్కటి చూస్తే చాలు వాళ్లకి: ఏడడుగుల మనిషి కుడి మోకాలు పైకెత్తి, ఎడమ కాలి మీద వెనక్కి వాలిపోతూ బంతి వదలడం. అడ్డుకోవడానికి వచ్చినవాడి చెయ్యి అంత దూరం అందదు.

ఇంత గౌరవం ఎందుకంటే చాలామంది అంకెలు చెబుతారు. 31,560 పాయింట్లతో రిటైరయ్యేనాటికి ఆల్‌టైమ్ జాబితాలో ఆరో స్థానం, 21 సీజన్లూ ఒకే జట్టుకు ఆట, 2007లో ఎంవీపీ (సీజన్ ఉత్తమ ఆటగాడి అవార్డు), 2011లో టైటిల్. అన్నీ నిజమే. అయితే అంకెలు చూసి మెచ్చుకుంటాం గానీ కన్నీళ్లు పెట్టుకోం. అభిమానులు అతన్ని ఇంతగా సొంతం చేసుకున్నది అతను గెలిచినప్పుడు కాదని నా అభిప్రాయం. ఓడిపోయిన రెండేళ్లలో ఆ బంధం మొదలైంది.

2006 ఫైనల్స్‌లో మయామీ మీద డాలస్ 2-0 ఆధిక్యంలో ఉంది. నాలుగు గెలిచినవాళ్లదే టైటిల్. తర్వాత వరసగా నాలుగు ఓడింది. మరుసటి సీజన్‌లో 67 మ్యాచ్‌లు గెలిచి, సీజన్ చివర జరిగే ప్లేఆఫ్స్ తొలి రౌండ్‌లోనే ఎనిమిదో ర్యాంకు గోల్డెన్ స్టేట్ చేతిలో బోర్లా పడింది. ఓక్లాండ్‌లో ఆఖరి మ్యాచ్ అయ్యాక డర్క్ కోపం పట్టలేక చెత్తడబ్బా విసిరేస్తే డ్రెస్సింగ్ రూమ్ దగ్గర గోడకు చిల్లు పడింది. గోల్డెన్ స్టేట్ వాళ్లు దాన్ని పూడ్చలేదు, అద్దం బిగించి దాచుకున్నారు. తర్వాత అతనే దాని దగ్గర సంతకం పెట్టాడు కూడా! ఇంటికొచ్చిన కొద్ది రోజులకే ఎంవీపీ ట్రోఫీ అందుకోవాల్సి వచ్చింది. ఓడిన ముఖంతో అవార్డు తీసుకోవడం కంటే నరకం ఏముంటుంది? ఆ వేసవిలో చిన్నప్పటి గురువు హోల్గర్ గెష్విండ్‌నర్‌తో కలిసి ఆస్ట్రేలియా వెళ్లి, గడ్డం పెంచుకుని తిరిగాడు. జర్మనీ నుంచి వచ్చిన పొడుగాటి మనిషి మెత్తనోడని, ఒత్తిడి తట్టుకోలేడని టీవీల్లో తేల్చేశారు.

అదే మనిషి 2011లో, అదే మయామీ మీద, లెబ్రాన్, వేడ్, బాష్ అనే ముగ్గురు స్టార్లూ ఉన్న జట్టు మీద ఆరు మ్యాచ్‌లలో గెలిచాడు. తొలి మ్యాచ్‌లో ఎడమచేతి మధ్యవేలి స్నాయువు తెగింది. రెండో మ్యాచ్‌లో చివరి క్వార్టర్లో 15 పాయింట్లు వెనకబడిన జట్టును లాక్కొచ్చి, గెలుపు బాస్కెట్‌ను ఆ ఎడమచేత్తోనే వేశాడు. నాలుగో మ్యాచ్ ఒళ్లు కాలే జ్వరంతో ఆడితే, తర్వాత లెబ్రాన్, వేడ్ కెమెరాల ముందు వెటకారంగా దగ్గి చూపించారు. ఆఖరి బెల్లు మోగగానే డర్క్ సంబరాల్లో లేడు. ఏడుపు ఆపుకోలేక డ్రెస్సింగ్ రూమ్‌లోకి వెళ్లిపోయాడు.

మరి క్లబ్బు ఏం చేసింది? టైటిల్ గెలిచిన ఆర్నెల్లలోనే డిఫెన్స్‌కు వెన్నెముకలాంటి టైసన్ చాండ్లర్‌ను పోనిచ్చింది. 2014లో లేకర్స్, రాకెట్స్ జట్లు గరిష్ఠ జీతం ఇస్తామన్నా వద్దనుకుని, డర్క్ మూడేళ్లకు దాదాపు 25 మిలియన్ డాలర్లకే డాలస్‌లో ఉండిపోయాడు. మిగిలిన డబ్బుతో మంచి ఆటగాళ్లను తెచ్చుకోండి అన్నది దాని అర్థం. తెచ్చింది చాండ్లర్ పార్సన్స్‌ని, ఏడాదికి డర్క్ కంటే చాలా ఎక్కువ జీతానికి. 2016-17లో 25 మిలియన్లిచ్చి కొంత రుణం తీర్చుకున్నారనుకోండి. కానీ 2011 తర్వాత డర్క్ ఆడినంత కాలం మావరిక్స్ ఒక్క ప్లేఆఫ్ సిరీస్ కూడా గెలవలేదు. అతని త్యాగం వృథా అయిందనడానికి నాకేం మొహమాటం లేదు. జీతంలో కోత ఒప్పుకున్న ఆటగాడిని విశ్వాసపాత్రుడని పొగిడే మనం, ఆ కోతతో యజమాని ఏం చేశాడని మాత్రం అడగం.

మన దగ్గర వీవీఎస్ లక్ష్మణ్ 2012 ఆగస్టులో, ఉప్పల్ టెస్టుకు ఎంపికై కూడా, అది మొదలవడానికి ఐదు రోజుల ముందే తప్పుకున్నారు. సొంత ఊళ్లో లేచి నిలబడి సాగనంపే అవకాశం హైదరాబాద్‌కు దక్కలేదు. ఆ వెలితి తెలిసినవాళ్లకి డాలస్‌లో 2019 ఏప్రిల్ 9 రాత్రి విలువ ఇట్టే అర్థమవుతుంది. డాలస్ పక్కనున్న ఇర్వింగ్, ఫ్రిస్కోల్లో స్థిరపడిన మన తెలుగువాళ్లలో, క్రికెట్ తప్ప మరో ఆట ఎరగకుండా అక్కడికి వెళ్లి, పిల్లల పుణ్యమా అని డర్క్ వేసుకునే 41 నంబరు జెర్సీ కొన్నవాళ్లున్నారు. ఆ రాత్రి ఫీనిక్స్ మీద జట్టు తొలి పది పాయింట్లూ డర్క్‌వే, మొత్తం 30. మ్యాచ్ అయ్యాక లారీ బర్డ్, బార్‌క్లీ, పిప్పెన్‌లాంటి అతని చిన్ననాటి హీరోలు కోర్టు మీదికి వచ్చారు. అప్పుడు గానీ, సొంత గడ్డ మీద ఇదే ఆఖరిదని అతను మైకులో చెప్పలేదు. మర్నాడు శాన్ ఆంటోనియోలో ప్రత్యర్థి జట్టే అతని మీద వీడియో వేసింది, అతను బెంచి దగ్గర కళ్లు తుడుచుకున్నాడు.

ఒక్కడికే చెందాల్సిన పేరు ఇద్దరి ఖాతాలో పడిందేమోనని ఆ రాత్రి ఎవరూ అనుకోలేదు. విశ్వాసం డర్క్‌ది. ఆ పేరు మాత్రం క్లబ్బుకూ దక్కింది. మావరిక్స్ అంటే తమ మనుషుల్ని వదులుకోని జట్టని ఊరంతా నమ్మింది. స్టేడియం బయట పెట్టిన అతని విగ్రహం మీద కూడా విశ్వాసం గురించే రాశారు.

2025 ఫిబ్రవరిలో, డర్క్ వారసుడనుకున్న లూకా డాన్చిచ్‌ను క్లబ్బు రాత్రికి రాత్రి లేకర్స్‌కు ఇచ్చేసింది. డాలస్ అభిమానులు ఆ విగ్రహం దగ్గరే పూలు పెట్టి, శవపేటిక తెచ్చి నిరసన తెలిపారు. లేకర్స్ తరఫున లూకా మొదటి మ్యాచ్ ఆడిన రోజు డర్క్ లాస్ ఏంజెలిస్‌లోనే, ప్రేక్షకుల్లో ఉన్నాడు. ఆ ట్రేడ్ (ఆటగాళ్ల మార్పిడి) చేసిన జనరల్ మేనేజర్ నికో హారిసన్‌ను అదే ఏడాది నవంబరులో క్లబ్బు తొలగించింది. తొమ్మిది నెలలు స్టేడియంలో ప్రతి మ్యాచ్‌లోనూ అతన్ని తీసెయ్యమని అరిచి అరిచి సాధించారు అభిమానులు. ఆ పట్టుదల 2014 వేసవిలో, పార్సన్స్ కాంట్రాక్టు చూసినప్పుడే ఉండుంటే డర్క్‌కి ఇంకో ఫైనల్ దక్కేదేమో. రేపు ఇంకో ఆటగాడు జీతం తగ్గించుకుని డాలస్‌లో ఉండిపోవాలా అని నన్నడిగితే, తన ఒప్పుకోలు లేకుండా ట్రేడ్ చెయ్యబోమని ముందు క్లబ్బు చేత రాతపూర్వకంగా రాయించుకోమంటాను.