రిపోర్టుకు శిక్ష, క్వెరీకి సన్మానం

సోమవారం పొద్దున పదిన్నరకు మా ఆఫీసులో కాన్ఫిగరేషన్ మేనేజర్ (ఆఫీసు కంప్యూటర్లన్నిటినీ ఒకచోట నుంచి చూసుకునే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్) కన్సోల్ తెల్లమొహం వేసింది. వెంటనే మీటింగు పెట్టారు. ముద్దాయి ఎవరో మీటింగుకు ముందే తేలిపోయింది: రిపోర్టు. ఏ మెషీన్‌కు ఏ ప్యాచ్ (సాఫ్ట్‌వేర్ మరమ్మతు) పడిందో చెప్పే రిపోర్టును మేనేజరు గారు నొక్కారు, సర్వర్ మంచమెక్కింది. ఇంతకు మించి సాక్ష్యం ఏం కావాలి?

రిపోర్టు బదులు క్వెరీ, అంటే కన్సోల్‌లోనే వేసే ప్రశ్న, వాడాలని దాని తరఫున వకాల్తా పుచ్చుకున్నవాళ్లు గట్టిగానే వాదించారు. అది చిన్నదట, కన్సోల్‌లో రెండు క్లిక్కులట. పైగా రిపోర్టులో ఉండేది పాత లెక్క, క్వెరీలో వచ్చేది తాజా లెక్క అట. అందరూ తలూపారు. నేనూ ఊపాను, అప్రైజల్ సీజను మరి.

నిజానికి రెండూ తోడుకునేది డేటాబేస్ అనే ఒకే బావిలోంచి. రిపోర్టు నేరుగా డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్‌లో అడిగి తెచ్చుకుంటుంది. క్వెరీ గారికి ఆ భాష రాదు, వారిది డబ్ల్యూక్యూఎల్. మధ్యలో ఎస్ఎంఎస్ ప్రొవైడర్ అనే దుబాసి కూర్చుని, తర్జుమా చేసి డేటాబేస్‌కు విన్నవించి, జవాబు మోసుకురావాలి. ఇక తాజాదనం అంటారా, ఏ మెషీన్‌లో ఏముందో చెప్పే హార్డ్‌వేర్ ఇన్వెంటరీ డిఫాల్టుగా వచ్చేదే 7 రోజులకోసారి. పోయిన మంగళవారం వండిన కూరను ఏ గరిటెతో వడ్డిస్తే ఏం?

రిపోర్టు శుద్ధపూస అని నేననను. అన్ని మెషీన్లకూ, అన్ని ప్యాచ్‌లకూ కలిపి నొక్కితే అదీ సర్వర్‌కు చుక్కలు చూపిస్తుంది. కానీ దానికి సబ్‌స్క్రిప్షన్ పెడితే రాత్రి రెండింటికి తన పని తాను చేసుకుని మెయిల్లో పడుంటుంది. ఆ మెయిల్ ఎవరూ తెరవరనుకోండి.

క్వెరీ అలా కాదు, కలెక్షన్‌లో, అంటే మెషీన్ల గుంపులో, ఎవరు చేరాలో తేల్చే షరతుగా కాపురం పెడుతుంది. మీటింగు నడుస్తుండగా బల్ల కింద ల్యాప్‌టాప్‌లో మా కలెక్షన్ల పేర్లు చూశాను. 'టెస్ట్', 'టెస్ట్ 2', 'టెస్ట్ కొత్తది', 'డిలీట్ చేయొద్దు'. ఈ చివరిది పెట్టినాయన ఉద్యోగం మానేసి మూడేళ్లయింది. లోపల క్వెరీలో సాఫ్ట్‌వేర్ పేరుకు అటో శాతం గుర్తు, ఇటో శాతం గుర్తు, అంటే ముందూ వెనకా ఏ అక్షరాలున్నా సరేనని. ముందే శాతం గుర్తు పెడితే ఇండెక్స్ (పుస్తకం చివరి పదసూచిక లాంటిది) ఉన్నా వెతుకులాటకు పనికిరాదు, వరసలన్నీ తిరగేయాల్సిందే. దానికి తోడు ఇంక్రిమెంటల్ అప్‌డేట్ టిక్కు. అంటే డిఫాల్టుగా 5 నిమిషాలకోసారి, రోజుకు 288 సార్లు, "కొత్తగా ఏమైనా మారిందా" అని ఆరా. ఇలాంటి టిక్కులున్న కలెక్షన్లు సుమారు 200 దాటితే వాటి మూల్యాంకనం (ఏ గుంపులో ఎవరున్నారో తేల్చే పని) వెనకబడొచ్చని మైక్రోసాఫ్ట్ వాళ్లే చెప్పారు. మావి లెక్కపెట్టబోతే స్క్రోల్ బార్ సగానికి రాకముందే ఆ అంకె దాటింది.

చెబుదామని నోరు తెరిచేలోపే తీర్పు వచ్చేసింది. పగటిపూట రిపోర్టులు నిషేధం. సర్వర్ ఎందుకు నెమ్మదిస్తోందో కనిపెట్టుకుని ఉండటానికి కొత్త కలెక్షన్ ఒకటి. సాయంత్రానికల్లా అది తయారైంది, టిక్కుతో సహా. పేరు: 'స్లో సర్వర్లు - డిలీట్ చేయొద్దు'.