కరెంటు తీగలో యూనివర్సిటీ రాదు

"కరెంటు ఉన్న ప్రతి ఇంట్లో ఇంటర్నెట్ ఉన్నట్టే. ప్లగ్గులో చిన్న డబ్బా పెడితే చాలు. అమెరికా ఎప్పుడో చేసి చూపించింది, కేబుల్ కంపెనీలే తొక్కేశాయి. పాఠాలు రికార్డు చేసి ఈ తీగల్లో వదిలితే పల్లెలో కూర్చునే డిగ్రీ చదవొచ్చు."

వాట్సాప్‌లో ఈ మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. దూరవిద్యలో చదివే పిల్లలు దీన్ని పంపి "నిజమేనా సార్?" అని ఆశగా అడుగుతున్నారు. వాళ్లకు సగం సగం జవాబు చెప్పలేను. ఒక్కో మాటే చూద్దాం.

తీగలో డేటా వెళ్తుందా? వెళ్తుంది. సబ్‌స్టేషన్లు దశాబ్దాలుగా హైటెన్షన్ లైన్ల మీదే మాట్లాడుకుంటున్నాయి. యార్డులో వేలాడే డ్రమ్ములాంటి వేవ్ ట్రాప్ (ఆ సిగ్నల్ దారి తప్పకుండా ఆపే కాయిల్) అందుకే ఉంది. అయితే ఆ దారిలో వెళ్లేది ఫోన్ మాట, లైన్‌లో లోపం వస్తే సప్లై ఆపించే సిగ్నళ్లు. వీడియో పాఠం మోసే దారి కాదది.

"ప్లగ్గులో డబ్బా చాలు" అన్నది మాత్రం తప్పు. మన కరెంటు 50 హెర్ట్జ్. బ్రాడ్‌బ్యాండ్ సిగ్నల్‌కు వాడేది సుమారు 2 నుంచి 30 మెగాహెర్ట్జ్. 50 హెర్ట్జ్ కోసం చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆ సిగ్నల్ దాదాపు చచ్చిపోతుంది. దాన్ని దాటించడానికి కప్లర్లు (సిగ్నల్‌ను ట్రాన్స్‌ఫార్మర్ పక్క నుంచి మళ్లించేవి), దారి పొడవునా రిపీటర్లు (బలహీనపడ్డ సిగ్నల్‌ను మళ్లీ పెంచేవి) పెట్టాలి. మోటార్లు, మిక్సీలు, చవక ఎల్ఈడీ బల్బులు అదే తీగలో రొద పెడతాయి. లైన్‌మన్ రిపేరు కోసం సప్లై తీస్తే నెట్ కూడా పోతుంది. ఇంతా చేసి, ఆ నెట్ సబ్‌స్టేషన్ దాకా రావాలంటే ఎలాగూ ఫైబర్ కావాల్సిందే.

ఇక అమెరికా కథ. వర్జీనియాలోని మనాసస్‌లో ఊరంతటికీ ఈ నెట్ ఇచ్చిన మాట నిజం. అక్కడ కరెంటు సంస్థ నగరపాలకులదే. ఖర్చు గిట్టక 2010లో ఆపేసింది కూడా వాళ్లే. అంతకుముందు ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ దగ్గర కరెంటు కంపెనీ నార్వెబ్, టెలికాం కంపెనీ నార్టెల్ కలిసి చేసిన ప్రయత్నం 1999లో ఆగిపోయింది. పైన తొడుగు లేని కరెంటు తీగ ఏరియల్‌లా పనిచేసి షార్ట్‌వేవ్ రేడియోను పాడుచేస్తుంది. అందుకే అమెరికాలో హామ్ రేడియో (సరదాగా సొంత రేడియో నడిపేవాళ్ల) సంఘం, ఈ నెట్‌కు పెట్టిన నియమాల మీద కోర్టుకెళ్లింది. 2008లో అప్పీలు కోర్టు ఆ నియమాలు చేసిన టెలికాం నియంత్రణ సంస్థనే తప్పుపట్టింది. కారణం, తన సిబ్బంది చేసిన అధ్యయనాల్లో కొన్ని భాగాలు బయటపెట్టకుండా నియమాలు చేయడం. అంటే అక్కడ దాచినట్టు తేలింది ఈ టెక్నాలజీని కాదు, దాని మీద జరిగిన అధ్యయనాల భాగాల్ని.

మనకు నిజంగా పనికొచ్చింది కరెంటు తీగ కాదు, కరెంటు స్తంభం. ప్రభుత్వ ఇంటర్నెట్ సంస్థ ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ తన ఫైబర్ కేబుల్‌ను చాలావరకు స్తంభాల మీదుగానే లాగింది.

చివరి మాటే నన్ను ఎక్కువ బాధపెట్టేది. పాఠం రికార్డు చేసి వదిలితే యూనివర్సిటీ అయిపోతుందా? 1982లో హైదరాబాద్‌లో సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టినప్పుడు ఇంటింటికీ నెట్ లేదు. పుస్తకాలు, స్టడీ సెంటర్లు, అక్కడ సందేహం తీర్చే మనిషి, ఊరికి దగ్గరలో పరీక్ష. దాన్ని నిలబెట్టినవి ఇవి. ఈరోజు ఆన్‌లైన్‌కైనా ఇవే కావాలి.

నెట్ సన్నగా ఉన్నా చేయగలిగింది చాలా ఉంది. సెకనుకు 1 మెగాబిట్ వీడియో గంటకు 450 ఎంబీ తింటుంది. అదే పాఠం 32 కిలోబిట్ల ఆడియోగా పెడితే 15 ఎంబీ కూడా కాదు. దానికి తోడు నోట్సు పీడీఎఫ్ ఇస్తే, ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్‌ను అక్కాతమ్ముళ్లు పంచుకునే చోట కూడా చదువు సాగుతుంది. కొత్త తీగ కోసం ఆగక్కర్లేదు, ఈ పని రేపే మొదలుపెట్టొచ్చు.

డిగ్రీ మాటకొస్తే, ఆన్‌లైన్ డిగ్రీకి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) గుర్తింపు ఉండాలి. ఇంజనీరింగ్, నర్సింగ్, ఫార్మసీ లాంటివి ఆన్‌లైన్‌లో ఇవ్వడానికి 2020 నిబంధనలు ఒప్పుకోవు. ఆ మెసేజ్ చూసి ఎవరైనా ఫీజు అడిగితే, ముందు యూజీసీ జాబితాలో ఆ యూనివర్సిటీ పేరుతో పాటు ఆ కోర్సు పేరు కూడా ఉందో లేదో చూడండి.