దాణా బూజు కాలేయంతో ఆగదండీ

బూజు పట్టిన దాణాతో పశువుల కాలేయం చెడుతుందని మీ వ్యాసంలో బాగా రాశారు. గుండె సంగతి మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశారు. మొక్కజొన్నకు పట్టే ఫ్యుజేరియం బూజు ఫ్యుమోనిసిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. అది ఎక్కువైతే పందుల్లో గుండె ఎడమ భాగం సరిగా పంప్ చేయలేక ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఆయాసంతో రోజుల్లోనే చనిపోతాయి. చూసేవాళ్లకు ఊపిరితిత్తుల జబ్బే అనిపిస్తుంది. అదే జాతి బూజు నుంచి వచ్చే మోనిలిఫార్మిన్ అనే మరో విషం కోళ్ల గుండె కండరాన్నే దెబ్బతీస్తుంది. ఆవులు, గేదెలు ఫ్యుమోనిసిన్‌ను కాస్త తట్టుకుంటాయి, అది వేరే విషయం.

మా భీమిలి వైపు వానాకాలంలో గోనె సంచి ముట్టుకుంటేనే చెమ్మ తగులుతుంది. గోడకు ఆనించిన సంచి అడుగున వేరుశనగ చెక్క పచ్చగా గడ్డకట్టి ఉంటుంది. దాన్నే పైపైన దులిపి, ఉడకబెట్టి పెట్టేస్తుంటారు. ఉడకబెడితే ఆ బూజు చేసే అఫ్లటాక్సిన్ అనే విషం పోదు! పాడిగేదె తింటే అది ఎం1 అనే మారిన రూపంలో పాలలోకీ దిగుతుంది. ఎండలో ఆరబెడితే చాలని పైన వ్యాఖ్యలో ఒకాయన రాశారు. చెమ్మ పోతుంది గానీ, అప్పటికే పుట్టిన విషమంతా పోదండీ. సంచుల కింద చెక్క బల్లలు వేసి, గోడకు జానెడు ఎడం ఉంచడానికి పెద్ద ఖర్చేమీ కాదు.