ప్రయోగ తేదీ గారికి, బాలానగర్ నుంచి

మహారాజరాజశ్రీ రాకెట్ ప్రయోగ తేదీ గారి సముఖమునకు,

నమస్కారములు. ఉభయకుశలోపరి అని రాయబోయి ఆగాను. మీరు కుశలమో కాదో తెలియాలంటే ముందు మీరెక్కడున్నారో తెలియాలి కదా! నిన్న రాత్రి పడుకునేముందు చూసినప్పుడు ఈ నెలాఖరులో ఉన్నారు. పొద్దున పళ్లు తోముకుంటూ చూస్తే వచ్చే నెల రెండో వారానికి మకాం మార్చారు. మధ్యాహ్నానికి నెల పేరు కూడా వదిలేసి ‘త్వరలో’ అనే ఊళ్లో దిగారు. ఆ ఊరికి వెళ్లినవాళ్లు తొందరగా తిరిగి రారని నా అనుభవం.

నేను మిమ్మల్ని అనుసరించే భక్తబృందంలో ఒకణ్ని. మా ఇల్లు బాలానగర్‌లో. మీకు మా ఏరియా కొత్త కాదు. మన రాకెట్లను లేపే వికాస్ ఇంజన్ భాగాలు ఇక్కడి ఫ్యాక్టరీలోనే తయారవుతాయి. ఉపగ్రహాలు పంపే బొమ్మల్ని చదివే నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ మా రోడ్డు మీదే. చంద్రయాన్‌తో మాట్లాడే 32 మీటర్ల పెద్ద డిష్‌ను బెంగళూరు దగ్గర బైలాలులో నిలబెట్టింది కూడా మా ఈసీఐఎల్ వాళ్లే. ఇంత చేసినా రాకెట్ ఎగిరేది శ్రీహరికోటలో, మేం చూసేది టీవీలో. డాబా ఎక్కి తూర్పుకు తిరిగితే కనబడేది పక్కింటివాళ్ల నీళ్ల ట్యాంకు.

మా ఇంట్లో గోడకు తెలుగు క్యాలెండర్ ఒకటుంటుంది. అందులో అమ్మ పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన రోజు పెన్నుతో రాస్తుంది. మిమ్మల్ని నేను పెన్సిల్‌తో రాస్తాను. పెన్సిల్ ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. ఒక నెలలో మిమ్మల్ని రాసి, చెరిపి, మళ్లీ రాసి, మళ్లీ చెరిపి, ఆ గడిలో అచ్చువేసిన ఏకాదశిని కూడా రబ్బరుతో ఊడ్చేశాను. అమ్మ కళ్లజోడు పెట్టుకుని ఆ గడిని చాలాసేపు చూసి, “నీ రాకెట్టు ఎప్పుడన్న పోనీ, నా ఒక్కపొద్దు ఎప్పుడో చెప్పు బిడ్డా” అంది.

ఇక విషయానికొస్తాను. మీ మీద నాకున్న ఫిర్యాదు మీరు వాయిదా పడతారని కాదు. నిమిషం, సెకను దగ్గర అంత పట్టుదలగా ఉండే మీరు సంవత్సరం దగ్గర అంత అలుసుగా ఎలా ఉంటారన్నదే.

నిమిషాల విషయంలో మీకు సాటి లేరు. 2023 జులై 14న మధ్యాహ్నం 2:35కి చంద్రయాన్-3 వెళ్లిందని దేశమంతా చప్పట్లు కొట్టింది. ఆ ప్రయోగాన్ని అనుకున్న సమయం కన్నా 4 సెకన్లు ఆపారు. దారిలో ఒక అంతరిక్ష శకలం మరీ దగ్గరగా వస్తుందని లెక్క తేలింది కాబట్టి, నాలుగంటే నాలుగే సెకన్లు! 2024 డిసెంబరు 30 రాత్రి, రెండు ఉపగ్రహాలను అంతరిక్షంలో జతకలిపే స్పేడెక్స్‌ను 9:58కి పంపాల్సింది. అదే కక్ష్యలో వేరే ఉపగ్రహాలున్నాయని 10 గంటలకు మార్చారు. రెండు నిమిషాలు పక్కకు జరిగి దారిచ్చే మర్యాద మా సిటీలో ఏ చౌరస్తాలోనూ చూడలేదు.

ఈ పట్టింపు ఎందుకో నాకు తెలుసు. భూమి తిరుగుతుంటుంది, చేరాల్సిన కక్ష్య ఆకాశంలో తన చోట తానుంటుంది. భూమితోపాటు తిరుగుతూ మన ప్రయోగ వేదిక ఆ కక్ష్యాతలం కిందికి వచ్చిన క్షణమే రాకెట్ లేవాలి. అంతరిక్ష కేంద్రానికి వెళ్లేవాళ్లకైతే ఆ క్షణం దాటితే ఆ రోజుకు ఇంతే సంగతులు. మర్నాడు అదే అవకాశం ఇరవై నిమిషాలకు పైగా ముందే వచ్చేస్తుంది. అమ్మకు ఇదంతా విడమరిచి చెబితే ఒక్క మాటలో తేల్చేసింది: “లగ్నం అను.” నిజమే, పెళ్లి ముహూర్తానికీ దీనికీ పెద్ద తేడా లేదు. పురోహితుడు గడియారం చూసుకుంటూ పెళ్లికూతుర్ని తీసుకురండమ్మా అని అరుస్తుంటాడు, ఇక్కడ కంప్యూటర్ అరుస్తుంది. కాకపోతే పెళ్లిలో ముహూర్తం దాటినా వీడియో వాడొస్తే మళ్లీ ఒకసారి తాళి కట్టిస్తారు. మీ దగ్గర ఆ సౌకర్యం లేదు.

అమ్మకు మీతో ఇంకో పేచీ కూడా ఉంది. 2022 నవంబరులో మన హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ తన మొదటి రాకెట్ విక్రమ్-ఎస్‌ను ఎగరేసింది. ముందు 12 నుంచి 16 మధ్య అన్నారు, తర్వాత 15 అన్నారు, వాతావరణం బాలేదని చివరికి 18 చేశారు. 18 శుక్రవారం. సమయం పొద్దున 11:30. అమ్మ క్యాలెండర్ వైపు చూసింది, నా వైపు చూసింది. “శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం రా. ఎవడు పెట్టిండు?” ఎవడు పెట్టినా రాకెట్ 89.5 కిలోమీటర్ల ఎత్తుకు పోయి, చెప్పిన పని చేసి, బంగాళాఖాతంలో దిగింది. అమ్మ దాన్ని ఇప్పటికీ ఒప్పుకోదు. ఒక మంగళవారం నాడు మంగళయాన్‌ను పంపడమూ ఆమెకు నచ్చలేదు. పీఎస్‌ఎల్‌వీల్లో సీ12 తర్వాత సీ13 లేకుండా నేరుగా సీ14 ఉందని చెబితే మాత్రం శాస్త్రవేత్తలనే తప్పుబట్టింది: “పదమూడుకేమైంది? త్రయోదశి మంచి తిథే కద!”

ఆఖరి క్షణంలో మీరు చేసే పనులు చూస్తే నాకు కోపం రాదు. పైకి చెప్పను గానీ ముచ్చటేస్తుంది. 2019 జులై 15, తెల్లవారుజామున 2:51కి చంద్రయాన్-2. మా బావమరిది ఉప్పల్ నుంచి బండి మీద వచ్చాడు. అమ్మ లేస్తుందని టీవీ సౌండ్ తగ్గించాం. ఫ్లాస్కులో చాయ్, ప్లేటులో ఉస్మానియా బిస్కెట్లు. శ్రీహరికోటలో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ కూర్చున్నారు, ఇక్కడ మేం కూర్చున్నాం. రెండు గంటలు కావస్తుండగా తెర మీద అంకె 56:24 దగ్గర ఆగింది. బావమరిది సిగ్నల్ పోయిందనుకుని సెట్‌టాప్ బాక్సును రెండు తట్టు తట్టాడు. కదల్లేదు. రిమోట్ బ్యాటరీలు తీసి, అరచేతిలో రుద్ది, మళ్లీ వేశాడు. అప్పుడు చెప్పారు, సాంకేతిక లోపమని, ప్రయోగం ఆపేశామని. రాష్ట్రపతి అంతటివారు ఎదురుగా ఉన్నా మొహమాటపడకుండా ‘ఈ పూట కాదు’ అనగలిగిన సంస్థలు ఈ దేశంలో ఎన్నుంటాయి చెప్పండి? వారం తర్వాత, 22న మధ్యాహ్నం 2:43కి వెళ్లింది. బావమరిది మాత్రం బాక్సును తను తట్టినందుకే అక్కడేదో కదిలిందని కొన్నాళ్లు భయపడ్డాడు.

2023 అక్టోబరు 21న, మన మనిషిని అంతరిక్షంలోకి పంపడానికి తలపెట్టిన గగన్‌యాన్ పరీక్షా వాహనం అంతకన్నా ఘనం. 8 గంటలన్నారు, 8:30 అన్నారు, 8:45 అన్నారు, తీరా 5 సెకన్లుందనగా కంప్యూటర్ ఆపేసింది. మళ్లీ లెక్కలు సరిచూసి 10 గంటలకు పంపారు. 2001 మార్చి 28న మొట్టమొదటి జీఎస్‌ఎల్‌వీకైతే పక్క మోటార్లు మండటం కూడా మొదలైంది. ఒకదానిలో తగినంత బలం రాలేదని పైకి లేవడానికి సెకను ముందు యంత్రమే అన్నిటినీ ఆర్పేసింది. మూడు వారాల తర్వాత ఏప్రిల్ 18న అదే రాకెట్ ఎగిరింది.

అయితే మీ వల్ల నష్టపోయేవాళ్లూ ఉన్నారు, వాళ్లు టీవీలో కనబడరు. ప్రయోగం రోజున పులికాట్ వైపు జాలర్లను సముద్రంలోకి వెళ్లొద్దంటారు. మీరు ఒక రోజు జరిగితే పడవ ఇంకో రోజు ఒడ్డునే. నా పెన్సిల్ గీతకు నేనింత రాద్ధాంతం చేస్తున్నాను గానీ, మీ పేరు వింటే వలలు సర్దుకునే మనిషి రాసే ఉత్తరంలో ఇన్ని హాస్యాలుండవు.

2025లో అంతరిక్ష కేంద్రానికి వెళ్లాల్సిన మన శుభాంశు శుక్లాతో మీరాడిన ఆట సంగతి వదిలేయను. మే 29 అన్నారు. జూన్ 8 అన్నారు. 10, 11, 19, 22. ఒకసారి వాతావరణం, ఒకసారి ఆయన ఎక్కాల్సిన ఫాల్కన్-9 రాకెట్‌లో ద్రవ ఆక్సిజన్ లీకు, ఇంకోసారి అంతరిక్ష కేంద్రంలో రష్యా వాళ్ల భాగంలో లీకు. పాపం ఆయన అన్ని రోజులూ క్వారంటైన్‌లో ఉన్నాడు. మన న్యూస్ ఛానెళ్లు మాత్రం ఒక్క రోజు కూడా విశ్రాంతి తీసుకోలేదు. స్టూడియోలో గ్రాఫిక్ రాకెట్ ప్రతి వాయిదాకూ లేచింది, యాంకర్ దాని కింద నుంచి నడిచి వచ్చింది. ‘మరికాసేపట్లో’ అనే అక్షరాలు అరిగిపోయాయి. చివరికి జూన్ 25న మన టైము ప్రకారం మధ్యాహ్నం 12:01కి నిజంగా బయల్దేరేసరికి, చూసి చూసి విసిగిన మా బావమరిది అన్నం తింటున్నాడు. “పాత వీడియో అనుకున్న బావా” అన్నాడు.

ఇంతవరకూ మీరు ఆకాశం మాట విన్నారు, యంత్రం మాట విన్నారు. నా తగువంతా మీరు మైకు మాట విన్నప్పుడే.

ఎర్రకోట మీద నుంచి మిమ్మల్ని ప్రకటించిన రెండు సందర్భాలు చెబుతాను. 2012 ఆగస్టు 15న మన్మోహన్ సింగ్ అంగారకుడికి నౌక పంపుతామన్నారు. 2018 ఆగస్టు 15న నరేంద్ర మోదీ 2022కల్లా మన మనిషి అంతరిక్షంలోకి వెళ్తాడన్నారు. మొదటిది పదిహేను నెలల్లో అయిపోయింది. 2013 అక్టోబరు 28న అనుకున్నది, రాకెట్ జాడ కనిపెట్టాల్సిన నలంద, యమున అనే రెండు ఓడల్లో నలంద దక్షిణ పసిఫిక్‌లో వాతావరణం బాలేక సమయానికి చేరలేకపోవడంతో నవంబరు 5కి జరిగింది, అంతే. ఎందుకంటే నవంబరు 19 దాటితే అంగారకుడి దారి మూసుకుంటుంది, మళ్లీ తెరుచుకోవడానికి 26 నెలలు పడుతుంది. అక్కడ గడువు పెట్టింది గ్రహాలు. వాటికి ఫైలు పంపి పొడిగింపు అడగడం కుదరదు. రెండోదానికి గడువు పెట్టింది స్వాతంత్ర్యం వచ్చి 75 ఏళ్లు నిండుతాయన్న లెక్క. ఆ లెక్క రాకెట్‌కు తెలియదు. 2022 వచ్చింది, పోయింది. తర్వాత 2027 అన్నారు. ముందుగా మనుషుల్లేకుండా వెళ్లాల్సిన వ్యోమమిత్ర రోబోను 2020 జనవరిలో బెంగళూరులో చూపించి, ఆ డిసెంబరులోనే ప్రయాణమన్నారు. 2025 కూడా ఆమె నేల మీదే గడిపింది. రోబో కాబట్టి సరిపోయింది, వయసు దాటిపోతోందని చుట్టాలు అడగరు.

అన్యాయంగా మాట్లాడకూడదు. మనిషిని కూర్చోబెట్టేటప్పుడు ఆలస్యం చేయడమే ధర్మం. పారాచూట్ విప్పుకుంటుందో లేదో వంద సార్లు చూడండి, ఎవరు కాదన్నారు? అది తేలకముందే సంవత్సరం పేరు చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం ఎందుకన్నదే నా బాధ. ఇది మన ఒక్కరి జబ్బూ కాదు. జేమ్స్ వెబ్ టెలిస్కోపును మొదట్లో 2007లో పంపుతామనుకున్నారు, వెళ్లింది 2021 క్రిస్మస్ నాడు. యూరప్ వాళ్ల రోజలిండ్ ఫ్రాంక్లిన్ అనే అంగారక రోవర్ 2018, 2020, 2022 అనుకుంటూ ఇప్పుడు 2028 దగ్గర ఆగింది. అన్నిటికీ తిరిగే గ్రహాలు అడ్డం రాలేదు. డబ్బు, పారాచూట్లు, కరోనా, ఉక్రెయిన్ యుద్ధం, ఇవన్నీ నేల మీది సంగతులే.

మా భక్తబృందం ఇప్పుడు ప్రకటనలు నమ్మడం తగ్గించి, విమానాలకూ ఓడలకూ ఇచ్చే హెచ్చరికలు చదువుతోంది. ఫలానా రోజు ఫలానా గంటల మధ్య బంగాళాఖాతంలో ఈ గీతల లోపలికి రావొద్దని ఉంటుంది. దాన్ని మ్యాపు మీద గీసుకుని, ఏ రాకెట్టో, ఏ దిక్కుకు పోతుందో ఊహించుకుని, వేదిక మీద వాళ్లకంటే ముందే మిమ్మల్ని పట్టేస్తున్నాం. అధికారిక పట్టికలో మీ పక్కన ‘ఈ తేదీకి ముందైతే కాదు’ అనే షరతు కనబడితే ఇంకా ధైర్యం. రాకెట్ల లోకంలో ఎన్నడూ తప్పని హామీ అదొక్కటే.

కాబట్టి తమరికి నా విన్నపాలు. ఒకటి, మీరు మారినప్పుడు కారణం చెప్పే అలవాటు వదలొద్దు. లీకు అయితే లీకు అనండి, ‘పరిపాలనా కారణాలు’ అనే మాట మీ దరి చేరనివ్వొద్దు. అది చేరిన చోట ఏదీ ఎగరదు. రెండు, ఇక నుంచి ఎవరైనా మైకు ముందు నిలబడి మీ సంవత్సరం చెప్పబోతే వెంటనే నెల, రోజు, గంట, నిమిషం కూడా చెప్పమని అడగండి. చంద్రుడికి సెకన్లతో సహా చెప్పగలిగిన దేశమే కదా! చెప్పలేకపోతే మైకు తీసేసి కూర్చోబెట్టండి. ఆ కౌంట్‌డౌన్‌ను మాత్రం ఏ 56:24 దగ్గరా ఆపకండి.

మూడోది అమ్మది. శుక్రవారాలు పదిన్నర నుంచి పన్నెండు వరకు వద్దట. చెప్పమంది, చెప్పాను.

ఇట్లు
భవదీయుడు,
బాలానగర్, హైదరాబాద్
(తేదీ: పెన్సిల్‌తో వేయబడినది)